ఇరుళికి అమ్మ ఉంది

ఆ శనివారం మా ఇంట్లో ఉన్నది వీళ్ళు.

వంటింట్లో అమ్మ, కర్రపెండలం ఉడకబెడుతూ. వసారాలో గోడవారగా బీడీలు చుట్టే ఆడవాళ్ళు: మొదట మాధవేచ్చి, అంటే మాధవి అక్క, ఆమె పక్కన పాత్తుత్త, ఆ పక్కన శాంతేచ్చి, తరవాత ఇంకో నలుగురు. వాళ్ళకి ఎదురుగా, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో బడిపంతులు ఉత్తమన్ మాష్, 'పన్నెండు అలల రాజ్యం' నవల రాసినాయన. ఆయన వెనక, కుర్చీ తనదే అన్నట్టు దాని మీద చేయి వేసుకుని, గ్రంథాలయం సెక్రటరీ దామువేట్టన్. గుమ్మం దగ్గర, నా స్టూలు పక్కన, నేను. స్టూలు మీద కూర్చోవడానికి ఆ రోజు నాకు ధైర్యం చాలలేదు.

ఆ స్టూలు సంగతి మీకు తెలుసు. ఎడవం నెల గాలివానకి బీడీ సొసైటీ షెడ్డు రేకులు లేచిపోయాక పని మా వసారాలోకి మారింది. చుట్టేవాళ్ళ కోసం ఒకళ్ళు స్టూలు మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదవాలి. చదివేవాళ్ళు బీడీ చుట్టరు. మిగతావాళ్ళు తలా ఒక గుప్పెడు ఎక్కువ చుట్టి చదివేవాళ్ళ చేటలో వేస్తారు. కణ్ణూరు వైపు ఇది మా అమ్మమ్మలనాటి ఏర్పాటు. ఎవరైనా పేరడిగితే తల దించుకునే నేను, చేతిలో పుస్తకం ఉంటే చాలు, వీధి మలుపుదాకా వినపడేలా చదువుతానని కనిపెట్టింది మాధవేచ్చి. నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది ఆమే. ఆ గుప్పెళ్ళతోనే నా ప్రీడిగ్రీ చదువు సాగాలి. చదివేవాళ్ళకి నియమం ఒక్కటే: సొంత మాట కలపకూడదు.

నేను కలిపాను. అదీ పోయినవారం భాగంలో చెప్పాను. నవల చివరి అధ్యాయాన్ని పుస్తకంలో ఉన్నట్టు చదవలేదు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

పుస్తకంలో పన్నెండో అల ఒక తరానికి ఒకసారి వస్తుంది. ఎవరో ఒకరు దానికి ఎదురు నడిస్తే తప్ప వెనక్కి పోదు. ఇరుళి నడుస్తుంది. ఒడ్డున డప్పులు మోగుతాయి, రాజు కిరీటం తీసి ఇసుకలో పెడతాడు, ఆమె మునిగిన చోట గవ్వలతో గుడి కడతారు. నేను చదివినదాంట్లో ఇరుళి మోకాలిలోతు దాకా వెళ్ళింది. అప్పుడు ఒడ్డు మీంచి వాళ్ళమ్మ పిలిచింది. ఇరుళి ఆగింది. వెనక్కి తిరిగి ఒడ్డుకి వచ్చి, "మీలో ఎవరైనా వెళ్ళండి" అని రాజుతో అని, ఇంటికి పోయింది.

ఆ ముక్క అయ్యాక మాధవేచ్చి, "ఇంకోసారి చదువు" అంది. పుస్తకంలో లేని పేజీని నేను రెండోసారి చదివాను.

ఇప్పుడు ఆ పుస్తకం రాసినాయన మా కుర్చీలో కూర్చుని పాలు లేని కట్టన్ చాయ తాగుతున్నాడు.

"ఉత్తరాలు చాలా వచ్చాయమ్మా నాకు," అన్నారు మాష్. మనిషి మంచివాడే. గ్లాసు కింద పెట్టేటప్పుడు కూడా చప్పుడు చెయ్యలేదు. "కోళిక్కోడు నుంచి, మద్రాసు నుంచి, గల్ఫు నుంచి. కానీ చెవులతో చదివినవాళ్ళని చూడటం ఇదే మొదలు. ఎలా ఉందో చెప్పండి. మొహమాటపడకండి."

మొహమాటమా? పాత్తుత్తకా?

"అడిగారు కాబట్టి చెప్తున్నా మాష్," అంది పాత్తుత్త, కత్తెరతో ఆకు కోస్తూనే. "మీ రాజుగారికి ఏడుగురు రాణులు కదా. ఒక్కత్తీ పొయ్యి దగ్గరికి పోదు, ఒక్కత్తీ చీపురు పట్టదు. అంత కోటలో అంట్లు ఎవరు తోముతున్నారు?"

"అది పురాణకాలపు రాజ్యం కదా పాత్తుమ్మా..."

"పురాణకాలంలో అంట్లు ఉండవా?"

వసారా అంతా నవ్వింది. మాష్ కూడా నవ్వి, జేబులోంచి కలం తీసి అరచేతిలో ఏదో గీసుకున్నారు.

"నాకు ఆ ఎగిరే పడవ నచ్చలేదు," అంది శాంతేచ్చి. "రెక్కలున్నాక పడవ ఎందుకంట? పక్షి మీద పోవచ్చుగా. కానీ గాలుల్ని కుండల్లో పోసి మూతి కట్టడం ఉంది చూడండి, అది బాగుంది. మా అత్తగారి నోటికి అలాంటి మూత ఒకటి దొరికితే బాగుండు."

"మరి అలల పుట్టుక కథలు ఎలా ఉన్నాయి?" అన్నారు మాష్, కుర్చీలో ముందుకి జరిగి. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఒక్కో అలకి ఒక పుట్టుక, ఒక శాపం, ఒక పాట. అవి గుర్తుంచుకోవడం కష్టమని చాలామంది రాశారు."

"కష్టమేముంది?" అంది పాత్తుత్త. "మూడో అల మా ఆయనే. దూరం నుంచి ఉరుముకుంటూ వస్తుంది, దగ్గరికొచ్చేసరికి నురగ కక్కి పడుకుంటుంది. అయిదోది శాంత. ఎవరేం చెప్పినా ఒడ్డు తినేస్తుంది. ఇంక తొమ్మిదోది..."

ఎవరో కిసుక్కుమన్నారు. తొమ్మిదో అల ఎక్కువ చప్పుడు చేసి ఒడ్డుదాకా రాని అల. వసారాలో దామువేట్టన్ పేరు అదే. ఆయనకి తెలియదు. "తొమ్మిదోది ఎవరు?" అని ఆయనే అడిగాడు. అందరూ చేటల్లోకి వంగి ఆకులు ఏరుకోవడం మొదలుపెట్టారు.

నేనూ నవ్వాను కానీ నా చెవి వేరేచోట ఉంది. మాట చివరి అధ్యాయం వైపు జరుగుతోంది. గాలి తిరగడం మనకి ముందే తెలిసిపోతుంది కదా, అలా. చాయ గ్లాసులు తీసుకెళ్ళే నెపంతో లోపలికి పోదామనుకున్నాను. అప్పుడే మాష్, "మీరేమీ అనలేదు," అని మాధవేచ్చిని అడిగారు.

ఆమె చేతులు ఆగలేదు. ఆమె చేతులు ఎప్పుడూ ఆగవు. ఆకు, పొడి, చుట్టు, దారం, ముడి. "నేను మొత్తం విన్నాను," అంది. అంతే.

ఆ పొద్దున మాధవేచ్చి తడిసి వచ్చింది. వాన పడితే ఆమె ఎప్పుడూ తడిసే వస్తుంది. నాలుగు రోడ్లు కలిసే కవల దగ్గర రేకుల బస్టాపు ఉంది, బెంచీ కూడా ఉంది. ఊళ్ళో అందరూ దాని కింద నిలబడతారు. ఆమె నిలబడదు. పక్కన రోడ్డు మీద, గొడుగు ఎగిరిపోతున్నా సరే, వానలోనే నిలబడుతుంది. ఎందుకంటే దాని నుదుటి మీద నీలం అక్షరాలతో ఆమె కూతురి పేరు ఉంది. ప్రమీల స్మారక బస్సు షెల్టర్. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు రేవులో పడవ తిరగబడింది. అందులో బడిపిల్లలున్నారు. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ప్రమీలేచ్చి దూకి ఒకణ్ణి తెచ్చింది, ఇంకొకణ్ణి తెచ్చింది, మళ్ళీ వెళ్ళింది. రాలేదు. తరవాత మంత్రి వచ్చాడు, మాట్లాడాడు, రిబ్బను కత్తిరించాడు. మా తరగతి అంతా వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చివరి అధ్యాయం చదివిన రోజు, డప్పులు మోగి రాజు కిరీటం తీసే పేజీ తిప్పుతూ నేను తలెత్తాను. ఎదురుగా మొదటి చేట మాధవేచ్చిది. ఆ పేజీ నా నోట్లోంచి రాలేదు.

"అవన్నీ సరే మాష్," అంది పాత్తుత్త. "ఆ ఆఖరి ముక్క రాశారు చూడండి, దానికి మాత్రం మీ చేతికి బంగారు కడియం తొడగాలి. ఎక్కణ్ణుంచి వచ్చింది మీకు ఆ మాట? అంత సముద్రం, అంత జనం, ఆ డప్పులు. వాటన్నిటి మధ్య ఆ తల్లి..." ఆమె పని ఆపేసి, నడుం మీద చేయి పెట్టుకుని, వీధి దద్దరిల్లేలా అరిచింది. "ఇరుళీ! గంజి చల్లారిపోతోందే! రా!"

"నాకు ఏడుపొచ్చేసింది," అంది శాంతేచ్చి.

"ఏడుపేంటి, నేను చప్పట్లు కొట్టా," అంది చివరి చేటమ్మాయి. "రాజు మొహం మీద చెప్పుతో కొట్టినట్టుంది!"

మాష్ ఇంకా చిరునవ్వుతోనే ఉన్నారు, కానీ ఆ నవ్వు కింద మొహం మారిపోతోంది. "ఏ తల్లి?" అన్నారు.

"ఇరుళి తల్లి."

"ఇరుళికి తల్లి లేదమ్మా. ఇరుళి ఉప్పురాయిలోంచి పుట్టింది. మొదటి పొద్దు మొదటి ఉప్పురాయిని తాకినప్పుడు... మొదటి అధ్యాయంలోనే ఉంది."

"పుడితే పుట్టింది మాష్. పాలు ఎవరిచ్చారు? రాయి ఇచ్చిందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. దామువేట్టన్ చేయి చాచి నా స్టూలు మీంచి పుస్తకం తీశాడు. వెనక నుంచి పేజీలు తిప్పాడు. ఒకసారి చదువుకున్నాడు. పెదవులు కదుపుతూ మళ్ళీ చదువుకున్నాడు. తరవాత పైకే చదివాడు. ఇరుళి మెడలోతు నీళ్ళలోకి నడవడం, డప్పులు, కిరీటం, గవ్వల గుడి. ఆయన చదువు మా ఊరి మైకు ప్రకటనలా ఉంటుంది. అయినా ప్రతి మాటా అందరికీ తగిలింది. నేను మాధవేచ్చి వైపు చూడలేదు. గట్టిగా నేల వైపు చూశాను.

"గంజి ఏది?" అన్నాడు దామువేట్టన్, పుస్తకం మూసి నా వైపు తిరిగి. "ఏమే షైజా, గంజి ఎక్కడుంది ఇందులో?"

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గరిటెతో. "ఇంట్లో నోరు విప్పి ఒక్క మాట చెప్పదు," అంది ఎవరితోనో అన్నట్టు. "ఉప్పు కావాలన్నా అడగదు. ఇదా కథలు కట్టింది?"

పరిగెత్తి పారిపోవచ్చు. పెరటి తలుపు తెరిచే ఉంది. నా జీవితంలో ఇంతవరకూ ప్రతిసారీ అదే చేశాను. కానీ ఆ పుస్తకం ఇంకా దామువేట్టన్ చేతిలో, నేను గుర్తుకి పెట్టుకున్న బీడీ ఆకు బయటికి పొడుచుకుని కనిపిస్తోంది. దాన్ని చూసేసరికి నాకు కోపం వచ్చింది. సొంత కోపం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"నేనే చెప్పాను," అన్నాను. పుస్తకం లేకుండా నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. "మాష్, ఆ పేజీలో ఎంతమంది ఉన్నారు! రాజు, ఏడుగురు రాణులు, మంత్రులు, డప్పులవాళ్ళు, ఊళ్ళకి ఊళ్ళు. ఒక్కళ్ళు కూడా వెనక్కి రమ్మనలేదు. ఒక్కళ్ళు! గుడి కట్టడానికి గవ్వలు మాత్రం ముందే ఏరుకొచ్చారు. మీరు పిలిపించలేదు కాబట్టి నేను పిలిపించాను."

"అమ్మాయ్," అన్నారు మాష్ నెమ్మదిగా, "ఆమె వెళ్ళకపోతే రాజ్యం ఉండదు. పన్నెండు అలల కథ అంతా ఆ ఒక్క అడుగు కోసమే కట్టాను. అది త్యాగం."

"అయితే రాజు వెళ్ళొచ్చు కదా త్యాగానికి. ఈత కూడా వచ్చు ఆయనకి. ఆరో అధ్యాయంలో ఉంది."

"అదీ!" అంది పాత్తుత్త, తొడ మీద చరిచి. "మాష్, మీరు పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. అయినా చెప్తున్నా. తప్పు రాశారు. ఈసారి అచ్చు వేయించేటప్పుడు మా పిల్ల చెప్పినట్టు దిద్దుకోండి." అని తన చేటలోంచి ఒక గుప్పెడు బీడీలు తీసి, దామువేట్టన్ చూస్తుండగానే, నా చేటలో వేసింది. శాంతేచ్చి కూడా వేసింది. చివరి చేటమ్మాయి లేచి వచ్చి మరీ వేసింది.

దామువేట్టన్ చెంపలు ఎర్రబడ్డాయి. "నవ్వులాటగా ఉందా మీకు? మీరెవరూ పుస్తకం తెరిచి చూసుకోరు. ఈ పిల్ల నోరే మీ కన్ను. రేపు సమ్మె ఓడిపోయిందని పేపర్లో ఉంటే, మీ మొహాలు చూసి గెలిచిందని చదువుతుంది. అప్పుడేం చేస్తారు? ఆ నియమం ఊరికే పెట్టారా?"

ఆ మాటకి వసారా చల్లబడిపోయింది. ఇంకో గుప్పెడు వెయ్యబోయిన చివరి చేటమ్మాయి చెయ్యి దించుకుంది.

"పేపర్లో ఒక్క అక్షరం మార్చలేదు," అన్నాను. "ఎప్పుడూ. ఏ రోజు పేపరైనా తెచ్చి చూసుకోండి."

"మరి ఇదెందుకు మార్చావు? ఎవరడిగారు నిన్ను?"

దానికి నా దగ్గర జవాబుంది. కానీ అది పైకి చెప్పే జవాబు కాదు. నోరు గట్టిగా మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చు. కళ్ళు మూసుకోవడమే మర్చిపోయాను. అవి వాటంతటవే మొదటి చేట వైపు వెళ్ళాయి.

మాధవేచ్చి చేతులు ఆగాయి.

అందరూ చూశారు. దామువేట్టన్ కూడా. ఆయనకి అర్థమైనట్టుంది, పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు జరిగాడు. మాష్ ఒక్కరికే ఏమీ తెలియదు. మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తున్నారు.

"ఆ రోజు మధ్యలో ఆగి నీళ్ళడిగావు," అంది మాధవేచ్చి. "గొంతు ఎండిందన్నావు. ఎండిపోలేదు కదూ?"

ఆమె ఒళ్ళోని పొగాకు పొడి దులుపుకుని లేచింది. మోకాళ్ళు పట్టేశాయేమో, గోడ పట్టుకుంది. పాత్తుత్త చెయ్యి అందించబోతే వద్దంది.

"ఎవరూ పిలవలేదన్నావు. ఎవరూ పిలవలేదని నీకెవరు చెప్పారు?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "నేను పిలిచాను షైజా. అది రెండోవాణ్ణి ఒడ్డున పడేసి మళ్ళీ తిరిగినప్పుడు, రేవు మెట్ల మీద నిలబడి పిలిచాను. గంజి పేరు చెప్పలేదు. ఉత్త పేరు పెట్టి పిలిచాను. వినపడింది దానికి. తల తిప్పి నన్ను చూసింది కూడా. చూసి వెళ్ళింది."

వంటింట్లో కర్రపెండలం మాడుతున్న వాసన వస్తోంది. అమ్మ కదల్లేదు.

"మంత్రి తనకి నచ్చినట్టు చెప్పాడు దాని కథ. క్లబ్బువాళ్ళు వాళ్ళకి నచ్చినట్టు బోర్డు రాయించారు. తల్లి పిలిచిందని ఎవరూ చెప్పలేదు. చెబితే వాళ్ళ కథ చెడిపోతుంది. సరే, వాళ్ళు పైవాళ్ళు. నువ్వు కూడా నీకు నచ్చినట్టే చెప్పావు."

"నేను మీ కోసం..."

"నా కోసమే. అదే అంటున్నా." ఆమె నా చేట దగ్గరికి వచ్చింది. "ఇంకోసారి చదవమన్నాను ఎందుకో తెలుసా? మొదటిసారి నమ్మలేదు. రెండోసారి కూడా అదే మాట చదివావు. అప్పుడు నమ్మాను. అచ్చులో ఉందంటే ఎక్కడో ఒక చోట, ఏ ఊళ్ళోనో, తల్లి పిలిస్తే వెనక్కి వచ్చిన పిల్ల ఒకత్తి ఉండే ఉంటుంది అనుకున్నాను. ఇంతకాలం దాన్నే తలుచుకుంటూ చుట్టాను."

వంగి, నా చేటలో పొద్దున తను వేసిన గుప్పెడు వేరు చేసింది. మిగతావాళ్ళ బీడీల్లో కలిసిపోయినా తనవి తనకి తెలుసు. ఆమె ముడి వేరు. వాటిని తీసుకుని కొంగులో వేసుకుంది. ఇంకెవరిదీ ఒక్కటి కూడా కదపలేదు.

పాత్తుత్త, "మాధవీ, పిల్లది..." అంది.

"నువ్వూరుకో పాత్తూ. దాని మీద నాకు కోపమేం లేదనుకుంటున్నావా? ఉంది." అని మాష్ వైపు తిరిగింది. ఆయన ఎప్పుడో లేచి నిలబడ్డారు. చెమట పట్టింది ఆయనకి. "మాష్, మీ ఇరుళికి తల్లి లేదు. సరే. లేని తల్లి పిలవక్కర్లేదు. అది ఎలా వెళ్ళిందో మీరు రాసినట్టే నాకు వినాలని ఉంది. ఆ డప్పులతో సహా. ఒక్క మాట తగ్గించకండి. చదివాక నేను మీకు ఒకటి చెప్తాను. అది రాసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. దామూ, ఆ పుస్తకం ఆయనకివ్వు."

దామువేట్టన్ మారు మాట్లాడకుండా ఇచ్చాడు. మాధవేచ్చి వసారా పక్కనున్న గదిలోకి దారి చూపించింది. అది నా గది. నా మంచం, నా పుస్తకాలు, దిండు కింద నా డైరీ ఉన్న గది. మాష్ తల వంచుకుని లోపలికి వెళ్ళారు. ఆమె వెనకే నేనూ గడప దాకా వెళ్ళాను.

"మాధవేచ్చీ, నేను చదువుతాను. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఈసారి ఒక్క మాట కూడా..."

ఆమె తిరిగింది. నా మొహంలోకి చూసింది. మొట్టమొదట నా చేతిలో పుస్తకం పెట్టి, 'చదువు, మేమంతా వింటాం' అన్న రోజు చూసినట్టే చూసింది.

"నువ్వా?" అంది.

నా గది తలుపు నా మొహం మీద మూసుకుంది. లోపల గడియ పడింది.